పాయిఖానాలో నీలిపూలు

నా చిన్నప్పుడు బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో నేను చూసిన వింతల్లోకెల్లా గొప్ప వింత ఒక పాయిఖానా అని చెబితే మా మనవలు పడీపడీ నవ్వుతారు. నవ్వనివ్వండి. ఇంట్లో అడుగడుక్కీ కొళాయి ఉన్న పిల్లలకి ఆ సంబరం ఏం తెలుస్తుంది? నేను మాత్రం ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ కుర్చీలో కుదురుగా కూర్చోలేను.

అప్పట్లో యుద్ధం నడుస్తోంది. మా నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. విజయనగరం దగ్గరి పల్లె నుంచి మా తాతయ్య కాలంలోనే రైలు పనికని వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం మాది. మా క్వార్టరు ఒంటిగది, ముందు చిన్న వరండా. పాయిఖానాలు సందు చివర ఉండేవి, వరసలో ఉన్న ఇళ్లన్నిటికీ కలిపి. ఆడవాళ్లు తెల్లవారకముందో చీకటి పడ్డాకో వెళ్లాలి, మధ్యలో ఏ బాధ వచ్చినా పంటి బిగువున ఓర్చుకోవాలి. ఆ ఏడు వానల్లో మా మామ్మ, అంటే మా నాన్న తల్లి, ఆ సందులో జారిపడి మోకాలు బెణికించుకుంది. ఆ తర్వాత ఆవిడ అక్కడికి వెళ్లాలంటే అమ్మ ఒక పక్కా నేనొక పక్కా పట్టుకోవాల్సి వచ్చేది. అందుకని ఆవిడ నీళ్లు తాగడం తగ్గించేసింది. దాహమేస్తే నోరు తడుపుకుని చెంబు పక్కన పెట్టేసేది. పెదాలు ఎండిపోయి చీలికలు పడ్డా, అడిగితే దాహం లేదనేది.

అలాంటి సమయంలో నాన్నకి పెద్ద క్వార్టరు వచ్చింది. అంతకుముందు అందులో ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఉండేవాడట. ఆయన వెళ్లిపోయాక ఇల్లు చాలాకాలం తాళం వేసి ఉంది. రెండు గదులు, వంటగది, లోపలే కొళాయి, వరండా ముందు జామచెట్టు. అన్నిటినీ మించి, వంటగదిని ఆనుకుని ఇంట్లోనే పాయిఖానా. పైన ఇనప తొట్టి ఉంటుందనీ, దానికి వేలాడే గొలుసు లాగితే నీళ్లు దూకి వస్తాయనీ నాన్న చెప్పగానే నాకూ తమ్ముడికీ అన్నం సహించలేదు. తమ్ముడు గొలుసు లాగడం తన వంతన్నాడు, నేను పెద్దదాన్ని కాబట్టి నా వంతన్నాను. ఇల్లు చూడకముందే ఇద్దరం జుట్లు పట్టుకున్నాం.

నాన్నకి సెలవు దొరికిన రోజు పొద్దున్నే అందరం బయలుదేరాం. మామ్మని రిక్షాలో కూర్చోబెట్టాం. ఇల్లు చూసి అమ్మ ముఖం విప్పారింది. కొళాయి తిప్పి చూసింది, పొయ్యి ఎక్కడ వేయించాలో కూడా అనేసుకుంది. అప్పుడు నాన్న ఆ చివరి తలుపు తీశాడు. లోపల పింగాణీ కుండీ ఒకటి ఉంది. పింగాణీ అని నాన్న చెబితేనే తెలిసింది. పైనుంచి కింద దాకా నల్లగా, గోధుమరంగుగా గడ్డకట్టిపోయి ఉంది. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగి నేరుగా వరండాలోకి వెళ్లిపోయింది.

"ఆ గది పక్కన నాను పొయ్యి ముట్టించను" అంది. ఆవిడ మాట అంటే అన్నట్టే.

నాన్న నచ్చజెప్పాడు. ఆ సాయంత్రంలోగా వస్తామో రామో చెప్పాలి, వద్దంటే ఆ ఇల్లు తర్వాతి వాళ్లకి పోతుంది. అయినా అమ్మ ససేమిరా అంది. మురికి ఒకటే కాదు ఆవిడ బాధ. పాత వరసలో పాయిఖానాలకి వెనక చిన్న తలుపులుండేవి. వాటిని శుభ్రం చేసే ఆవిడ వెనక సందు నుంచే వచ్చి వెనక సందు నుంచే వెళ్లిపోయేది. ఏళ్ల తరబడి మా కోసం ఆ పని చేసిన మనిషి ముఖం మేమెవరం సరిగ్గా చూసి ఎరగం. ఈ ఇంట్లో వెనక తలుపు లేదు. ఆవిడ రావాలంటే ముందు గదిలోంచి, వంటగదిలోంచి, దేవుడి పటం ముందునుంచి నడిచి రావాలి. ఆ రోజుల్లో మా ఇళ్లల్లో అది జరిగే పని కాదు.

నాన్న వెళ్లి ఆ శుభ్రం చేసే ఆవిడనే పిలుచుకొచ్చాడు. ఆవిడ వరండా మెట్టు కిందే ఆగిపోయి, చీపురు పక్కన పెట్టి, "భీతర్ కైసే ఆహూఁ, దాయీ?" అని మామ్మని అడిగింది. లోపలికి ఎలా రమ్మంటావు తల్లీ అని. ఆవిడ గొంతులో కోపం లేదు, నిజంగానే తెలియక అడిగింది. అమ్మ నేలచూపులు చూసింది. నాన్న దగ్గాడు. ఇల్లు చేజారిపోయిందని నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

మామ్మ మాత్రం నవ్వింది. "అచ్ఛా, ఇదా సంగతి. ఆ యమ్మ రాకూడదు, మనం ముట్టుకోకూడదు. మరి అదేటి, దానంతటదే తానం సేస్తాదా?" అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఒలే గుంటా, పీట తే. మీ నాన్నని ఇంటికెల్లి తరవాణి కుండ ఒట్టుకురమ్మను. పాత సింతపండు, పొయ్యిలో బూడిద, కుంకుడుకాయలు, కొబ్బరిపీసు. బేగి" అంది. యుద్ధపు రోజుల్లో బజారులో ఫినాయిలు కరువు. ఉన్నా మామ్మ దాన్ని ఇంట్లోకి రానిచ్చేది కాదు, ఆ వాసన ఆసుపత్రిదనేది.

తరవాణి మాట వినగానే అమ్మ వరండాలోంచి లేచి వచ్చింది. తెలియనివాళ్లకి చెబుతాను, తరవాణి అంటే అన్నంలో గంజీ నీళ్లూ పోసి పులియబెట్టే కుండ నీళ్లు. మా ఇళ్లల్లో ఆ కుండని స్నానం చేయకుండా ముట్టుకోరు.

"అన్నం నీల్లత్తా అవి. పాయికానాలో పోత్తావేటి?" అంది అమ్మ.

"మనం తిన్న అన్నం ఆకరికి ఏడకెల్తాదనుకున్నావే?" అంది మామ్మ.

నాన్న నవ్వు దాచుకుంటూ సైకిలు తీశాడు. మెట్టు కింద నిలబడ్డ ఆవిడ కూడా తెలుగు సగమే తెలిసినా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అమ్మకి ఒళ్లు మండి మళ్లీ వరండాలోకి వెళ్లి కూర్చుంది.

మామ్మ ఆ కుండీ ముందు పీట వేసుకుని, నడ్డి వంచి, ఆ నల్లటి గడ్డని ఒక పుల్లతో గీకి చూసింది. "ఇది నువ్వనుకున్నది కాదే. నీల్ల గార. మన కాగు అడుగున కట్టదా, అదే" అని నాకు చూపించింది. నేను ముక్కు మూసుకున్న చెయ్యి తీసి చూశాను. నిజంగానే మా నీళ్ల కాగు అడుగులా ఉంది. అంతసేపూ నేను భయపడింది దీనికా అనిపించింది.

నాన్న సామానుతో తిరిగొచ్చాక మామ్మ మొదట కుండీలో నిలిచిన నీళ్లని ముంతతో తోడించి, తడి లేకుండా గుడ్డతో అద్దించింది. నీళ్లుంటే పులుపు చప్పబడిపోతుందట. పాత గుడ్డపేలికల్ని తరవాణిలో పిసికిన చింతపండు గుజ్జులో నానబెట్టి, గోడలకీ అంచు కిందికీ అంటించమంది. నేనూ తమ్ముడూ పోటీలు పడి అంటించాం. వెంటనే బూడిద వేసి తోమేద్దామని నేను తొందరపడితే నా చెయ్యి పట్టుకుంది. "ముందు పులుపుని దాని పని సేసుకోనీ. బూడిద ఇప్పుడే ఏత్తే రెండూ సస్తాయి" అంది. ఇక ఎదురుచూడటమే పని. ఈలోగా నాన్న పైనున్న తొట్టి విప్పి, ఎండిపోయిన తోలు వాషరు తీసి కొత్తది వేశాడు. మేము జామకాయలు కోసుకుని తింటూ, అరగంటకోసారి పరిగెత్తుకెళ్లి పేలికల మీద ఇంకాస్త పులుసు పోసి వచ్చేవాళ్లం.

మధ్యాహ్నం దాటాక మామ్మ ఒక పేలిక తీసింది. దాని కింద గార మెత్తబడి సున్నపు పెళ్లలా ఊడి వచ్చింది. ఆ జానెడు మేర తెల్లగా, పాలలా మెరిసింది. నేను గావుకేక పెట్టాను. నీళ్లు పోసి పులుపు కడిగేసి, తడి బూడిద అద్దిన కొబ్బరిపీచుతో తోమడం మొదలుపెట్టాం. తోముతూ ఉంటే తెలుపులోంచి నీలం గీత ఒకటి బయటపడింది. చేప తోకని నేను, కాదు నెమలని తమ్ముడు. నాన్న కూడా తొట్టి వదిలేసి వచ్చి వంగి చూశాడు. ఇంకాస్త తోమితే ఆకు. ఆకు పక్కన తీగ. తీగ చివర విచ్చుకున్న నీలం పువ్వు! ఎవరో దొర ఏ దేశం నుంచి తెప్పించుకున్నాడో గాని, ఆ కుండీ లోపలంతా పూలతీగలు అచ్చువేసి ఉన్నాయి. పాయిఖానాకి పూలు వేయించుకునే మనుషులుంటారని నాకు అప్పుడే తెలిసింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి.

విచిత్రమేమిటంటే, ఇంట్లో ఇత్తడి బిందెని అద్దంలా తోమే మామ్మ ఆ రోజు మహా వికారంగా తోమింది. పైకీ కిందికీ ఇష్టం వచ్చినట్టు, సగం పువ్వు వదిలేసి, బూడిద ముద్దలు ముద్దలుగా పడేస్తూ. నన్నూ అలాగే తొమ్మంది. అమ్మ వరండాలోంచి వంటగదిలోకి, వంటగదిలోంచి గుమ్మంలోకి ఎప్పుడొచ్చిందో మేము చూడలేదు. మా కాలనీలో అమ్మ తోమిన గిన్నెకి పేరు. తోమడం రాని చెయ్యి కనబడితే ఆవిడ తట్టుకోలేదు.

"అదేటత్తా ఆ తోమడం? గుండ్రంగా తిప్పాలి" అంది.

"నాకొచ్చింది ఇంతేనమ్మా. ముసిలిదాన్ని" అంది మామ్మ, ఎంతో దీనంగా.

అమ్మ కాసేపు పళ్లు బిగబట్టి నిలబడింది. తర్వాత కొంగు నడుముకి దోపి, నా చేతిలోంచి పీచు లాక్కుని మోకాళ్ల మీద కూర్చుంది. మామ్మ పీట వెనక్కి జరుపుకుని నా వంక చూసి కన్నుగీటింది. ఆ తర్వాత కుండీ అమ్మది. అంచు కింద వెదురుపుల్లతో గీకింది, కుంకుడు నురుగుతో కడిగింది, పక్కింట్లో వేపాకు మరిగించి తెచ్చిన నీళ్లు నేలంతా పోసింది. ఒక్కో పువ్వు బయటపడుతుంటే ఆవిడే మమ్మల్ని పిలిచి చూపించింది.

వార్త పాకి చుట్టుపక్కల ఆడవాళ్లు చూడవచ్చారు. వాళ్ల వెనక, మెట్టు కిందే, పొద్దున వచ్చిన ఆవిడ కూడా నిలబడి ఉంది. అమ్మ తడిచేతులతో గుమ్మంలోకి వచ్చి ఆవిడని చూసింది. గొంతు సవరించుకుని, "భీతర్ ఆ" అంది. ఆవిడ కదలలేదు. "రా, సూద్దువుగాని" అని అమ్మ మళ్లీ అంది. ఆవిడ కాళ్లు తుడుచుకుని, ముందు గదిలోంచి, వంటగదిలోంచి నడిచి వచ్చి, కుండీలోకి తొంగిచూసి, "ఏమాఁ తో ఫూల్ హే", ఇందులో పూలున్నాయే అని చిన్నపిల్లలా నవ్వింది. వచ్చినవాళ్లలో ఒకరిద్దరు ముఖాలు చిట్లించుకుని వెళ్లిపోయారు. అమ్మ వాళ్లని ఆపలేదు.

గొలుసు నేనూ తమ్ముడూ కలిసి లాగాం. నీళ్లు పెద్ద చప్పుడుతో దూకి పూల మీదుగా సుడి తిరిగి పోయాయి. అమ్మ నాన్న వైపు తిరిగి, వస్తామని చెప్పెయ్యమంది. ఆ మాట వినగానే మామ్మ గోడకి చేరగిలబడి, "ఒలే గుంటా, సెంబుడు నీల్లియ్యవే" అంది. నేను కొళాయి నీళ్లు పట్టి ఇచ్చాను. ఆవిడ చెంబు ఎత్తి, దించకుండా, గడగడా చివరి చుక్క దాకా తాగింది. గడ్డం మీద కారిన నీళ్లు తుడుచుకుని ఇంకో చెంబు అడిగింది. అమ్మ అది చూసి పక్కకి తిరిగి కళ్లు ఒత్తుకుంది.

ఆ ఇంట్లో ఉన్నంతకాలం ఆ గది కడిగే పని అమ్మ ఇంకెవరికీ అప్పగించలేదు. నా పెళ్లయ్యాక నా ఇంట్లోనూ ఆ పని నాదే. అసహ్యం అనేది వస్తువులో కన్నా చూసే దూరంలో ఎక్కువ ఉంటుందనీ, పీట వేసుకుని దగ్గరగా కూర్చుంటే చాలావరకు పోతుందనీ మామ్మ నాకు మాటల్లో ఎప్పుడూ చెప్పలేదు.

అమ్మ చివరి రోజుల్లో నా దగ్గరే మంచాన పడింది. నేను శుభ్రం చేస్తుంటే సిగ్గుతో ముఖం గోడవైపు తిప్పేసుకునేది. నేను తొందరపడేదాన్ని కాదు. గోరువెచ్చని నీళ్లతో తుడిచి, చీర మార్చి, పక్కనే కూర్చుని జుట్టు చిక్కు తీసేదాన్ని. చాలా రోజులకి ఒక పొద్దున ఆవిడ ముఖం తిప్పుకోలేదు. నా వంకే చూస్తూ ఉండి, పని అయ్యాక నా చెయ్యి పట్టుకుని, "టీ తాగినావేటే?" అని అడిగింది.