గచ్చులో పచ్చగాజు

నైజాం రోజులవి. కామారెడ్డి స్టేషన్ దగ్గర బాటసారులు దిగే పాత సరాయిని సర్కారు వాళ్లు బాగుచేయించి, అందులో చేతిపనుల నుమాయిష్ పెట్టారని విన్న నాటి నుంచీ మా అవ్వకు కాలు నిలవలేదు. అవ్వ అంటే మా అమ్మే. ఎల్లారెడ్డిలో మా వాడంతా నవ్వింది. జాతరకే కదలని మనిషి బొమ్మలు చూడ్డానికి బస్సెక్కుతుందట! అవ్వకు బొమ్మలతో పనిలేదని నాకు మాత్రం తెలుసు.

ఆ సరాయి మరమ్మతులప్పుడు అవ్వా బాపూ అక్కడే కూలి చేశారు. బాపు సున్నం మోసేవాడు. ఆడవాళ్లు వరుసగా కూర్చుని చెక్కలతో గచ్చు కొట్టేవాళ్లు. ఒకనాడు అలా కొడుతుంటే అవ్వ చేతి గాజు చిట్లి, ముక్క తడి సున్నంలో దిగింది. బాపు అంగట్లో బేరమాడి తొడిగించిన పచ్చగాజులవి. పీకితే గుంట పడుతుందని మేస్త్రి దానిమీదే నున్నగా రుద్దించేశాడు. తర్వాత బాపు పోయాడు. దినాలనాడు మా వాళ్లు ఆనవాయితీ ప్రకారం అవ్వ గాజులన్నీ పగలగొట్టి, ముక్కలు ఊరవతల పారబోశారు. బాపుకు ఫోటో అయినా లేదు. ఆయన ఇష్టపడి కొన్నది లోకంలో మిగిలి ఉంటే ఆ గచ్చులోనే ఉండాలి.

మేమిద్దరం వెళ్లేసరికి సరాయి లోపల గాంధారి తండాల అద్దాల బట్టలు, నిర్మల్ బొమ్మలు, ఇత్తడి దీపాలు. పెళ్లీడు పిల్లనైనా నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. అవ్వ తల వంచుకుని నడుస్తోంది.

"ఏందవ్వా, బొమ్మలు మీదున్నయి, కింద ఏం ఎతుకుతున్నవ్?" అన్నాడు కాపలా జవాను.

"నేను కొట్టిన గచ్చు, బిడ్డా."

ఆమె పనిచేసిన కిటికీ మూలన ఇప్పుడు పెద్ద జంఖానా పరిచి ఉంది. అవ్వ దాని అంచు దగ్గర ఆగిపోయింది. "జరంత తియ్యి బిడ్డా, చూసి పోత."

"తియ్యద్దు. సాబులొస్తరు."

నాకసలే ముక్కుమీద కోపం. "మా అవ్వ కొట్టిన గచ్చు మా అవ్వకే చూపియ్యవా?" అని గయ్యిమన్నాను. నలుగురూ తిరిగి చూశారు. నాతో పెట్టుకోవడం ఎందుకనుకున్నాడో ఏమో, గొణుక్కుంటూనే అంచు మడిచాడు.

ఉంది. వడ్లగింజంత పచ్చదనం. అవ్వ కూలబడి కొంగుతో తుడిచింది. బోసి చేయి దాని పక్కన ఆనించి, జవాను లేపేదాకా లేవలేదు. బాపు ఉంటే బాగుండునని నాకు అప్పుడనిపించినంతగా మరెప్పుడూ అనిపించలేదు.

తిరుగు బస్సులో ఉండబట్టలేక అడిగాను. "పలిగిన ముక్క కోసం గింత దూరమొస్తివి గదవ్వా?"

అవ్వ కిటికీలోంచి చూస్తూనే చెప్పింది.

"గాజులన్నీ ఆయన పోయినంక పలగ్గొట్టిండ్రు బిడ్డా. గదొక్కటే, ఆయన ఉండంగ పలిగింది."