రాగి మొలకల పక్కన తారు రోడ్డు

చాకవేలు నుంచి చింతామణికి నేను కోడలిగా వచ్చింది పందొమ్మిది వందల యాభైల చివర్లో. అత్తవారిది కొట్టు ఉన్న ఇల్లు. దసరాకు మెట్లు కట్టి బొమ్మలు పెట్టేవారు. బొమ్మలు ఎవరింట్లోనైనా ఉంటాయి. మా ఇంటికి జనం వచ్చేది మెట్ల కింద పరిచిన ఊరిని చూడటానికి. కీ ఇస్తే ఆ ఊరి చుట్టూ రేకు రైలు పరుగెత్తేది. మా బావగారు, అంటే మా ఆయన అన్న, దాన్ని బెంగళూరు నుంచి తెచ్చారు.

రైలు ఆయనది. స్టేషను, చెరువు మా తోడికోడలివి. వీధులు మాత్రం నావి. నాకెవరూ ఇవ్వలేదు, మిగతావాళ్ళు చేతకాక వదిలేస్తే పట్టుకున్నాను. ఎర్రమట్టిని పాతచీరలో జల్లించి, గంజితో పిసికి, పలక మీద పరిచి, చెంబు దొర్లించి చదును చేసేదాన్ని. ఆరాక బొగ్గుపొడి పూస్తే అచ్చం తారు రోడ్డే. అంచులకు సున్నం గీతలు, చీపురుపుల్లలతో దీపస్తంభాలు. రోజూ పొద్దున్నే పగుళ్ళు పూడ్చడం కూడా నా పనే. ఆ ఇంట్లో వంట అత్తది, వ్యాపారం మగవాళ్ళది, నాకింకా పిల్లలు లేరు. ఆ రోడ్డు ఎవరు వేశారని వచ్చినవాళ్ళు అడిగితే నన్ను చూపించేవారు. ఏడాదికి ఒకసారైనా నన్ను చూపించడానికి ఒక కారణం ఉండేది. దాన్ని కూడా తీసేశారు. ఇన్నేళ్ళైనా నేను మరవనిది అదే.

ఆ ఏడు మా అత్తకు ఊళ్ళో చేలు కూడా ఉండాలనిపించింది. రోడ్డుకు ఆనించి మట్టి పోసి రాగులు చల్లింది.

"అత్తా, కొంచెం ఎడంగా చల్లుదాము. నీళ్ళు పోస్తే రోడ్డు ఉబ్బుతాది," అన్నాను.

"రోడ్డు పక్కన చేను ఉండదా? మీ చాకవేలులో చేలు యాడ ఉండాయి, ఆకాశంలోనా?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

ఆమె రెండు పూటలా నీళ్ళు చిలకరించింది. మొలకలు దట్టంగా లేచాయి. వేళ్ళు రోడ్డు కిందికి దూరాయి. రోడ్డు పట్టాలను దాటే గేటు దగ్గర మట్టి ఉబ్బి పట్టా ఒక పక్కకు లేచింది. అక్కడి మొలకలు మాత్రం పీకుతానన్నాను.

"నవరాత్రుల మొలక పదో దినం దాకా ముట్టకూడదని తెలీదా? నీ మట్టి కోసం ఇంటికి చెడు తెస్తావా?" అంది అత్త.

నేను ఉబ్బును కత్తితో గీకి, గంజిమట్టి మెత్తాను. పొద్దునకు మళ్ళీ లేచేది. మళ్ళీ గీకేదాన్ని.

ఆయుధపూజ నాడు స్టేషన్ మాస్టరు భార్య, వీధిలో ఆడవాళ్ళు వచ్చారు. బావగారు కీ ఇచ్చి రైలు వదిలారు. గేటు దగ్గర ఇంజను పక్కకు ఒరిగి మొలకల్లో వెల్లకిలా పడింది. చక్రాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. పొగగొట్టం వంగిపోయింది.

తమ్ముడి భార్యతో బావగారు నేరుగా మాట్లాడకూడదు. మా ఇళ్ళలో అది మర్యాద. అందుకని తన భార్య వైపు చూసి అన్నారు:

"రైలు పోని ఊరోళ్ళకి రోడ్డు పని అప్పజెప్తే ఇట్లే ఉంటాది. చెప్పు ఆమెకి."

నేను ఆయనకు నాలుగడుగుల దూరంలో ఉన్నాను. తోడికోడలు నా వైపు తిరిగి, "విన్నావామ్మా, మీ బావ ఏమంటాండారో," అంది. మర్యాద ప్రకారం నేను ఆయనకు జవాబు చెప్పకూడదు. అత్త వైపు చూశాను. ఆమె స్టేషన్ మాస్టరు భార్య చేతిలో గుగ్గుళ్ళ దొన్నె పెడుతూ, "తీసుకోమ్మా, ఈసారి శనగలు బాగుండాయి," అంది.

అందరూ వెళ్ళాక వంటింట్లో అడిగాను. "అత్తా, మొలకలు పీకనీలేదని చెప్పొచ్చు కదా."

"పండగపూట ఆ మాటలన్నీ మొగోళ్ళకి ఎందుకు? ఆ ఒక్క మాట నువ్వు పడితే ఏం పోయింది?"

మా ఆయనకు చెప్పుకున్నాను. "రేకు రైలుకి ఇంత రచ్చనా," అని అటు తిరిగి పడుకున్నారు.

మరుసటి ఏడు దసరాకు ముందు కొట్టు మెట్టు బాగుచేయడానికి మేస్త్రీ వచ్చాడు. బావగారు అతనితో ఒక చెక్క మీద సిమెంటు వీధులు పోయించారు. పగలవు, ఉబ్బవు. అంచు దాకా రాగులు చల్లుకోవచ్చు.

"ఇంక నీకు బాధ తప్పింది. హాయిగా కూర్చో," అంది తోడికోడలు. ప్రేమగానే అందని మా ఆయన అంటారు. నేను నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను.

స్టేషను వెనక ఒక్క సందు నేను మట్టితో వేస్తానని ఆమెనే అడిగాను.

"సిమెంటు పక్కన మట్టి అసహ్యంగా ఉంటాదమ్మా. నువ్వు కుంకుమ పళ్ళెం చూసుకో."

పండగ అయ్యేదాకా వాకిట్లో నిలబడి వచ్చినవాళ్ళకు కుంకుమ పెట్టాను. లోపల రైలు తిరిగే చప్పుడు వినిపిస్తూ ఉండేది. చూడటానికి నేను వెళ్ళలేదు. రమ్మని ఎవరూ పిలవనూ లేదు.