బోర్డో గ్లాసులో వగరు

ఆ శుక్రవారం మధ్యాహ్నం అమెరికాలోని మా బాతెల్ ఆఫీసు నుంచి టీమంతా కార్లలో దగ్గరలోని వైన్ టేస్టింగ్ రూమ్‌కి వెళ్ళాం. నేను అప్పటికే అలసిపోయి ఉన్నాను. పని వల్ల కాదు. నలుగురి ముందు నోరు విప్పితే తప్ప ప్రమోషన్‌కి నా పేరు పంపలేనని ఆ వారమే మేనేజర్ చెప్పాడు. మెత్తగానే చెప్పాడు. బడిలోనూ, కాలేజీలోనూ ఇదే మాట. వినీ వినీ విసిగిపోయాను.

ముందురోజు లైబ్రరీ నుంచి ఫ్రెంచ్ వైన్ల పుస్తకం తెచ్చుకుని, వైన్ రుచి చెప్పడానికి పనికొచ్చే మాటలు డైరీలో రాసుకున్నాను. దేవదారు చెక్క, తోలు, బ్లాక్‌కరెంట్. బ్లాక్‌కరెంట్ పండు నేనెప్పుడూ తినలేదు.

బల్ల మీద ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు వైన్ సీసా ఉంది. ద్రాక్ష పేరు కోసం లేబులంతా వెతికాను. ఊరి పేరే ఉంది. ఫ్రాన్స్‌లో ఎక్కువగా అంతేనని, ఆ సీసాలో రెండు మూడు రకాల ద్రాక్షలు కలుస్తాయని టేస్టింగ్ రూమ్ ఆవిడ చెప్పింది.

"మనోళ్ళ లెక్కనే," అంది పక్కనున్న అక్క. "పేరు తర్వాత. ముందు ఏ ఊరని అడుగుతరు."

అక్కది వరంగల్. ఆఫీసులో నాకంటే సీనియర్. మీటింగుల్లో నా తరఫున కూడా తనే మాట్లాడేస్తుంది.

నాలుగు రకాల ద్రాక్షల వైన్లు విడివిడిగా ఇచ్చారు. ఇద్దరిద్దరం కలిసి వాటితో మా సొంత మిశ్రమం చేసి, దాని గురించి అందరికీ చెప్పాలట. కాబర్నే సావిన్యాన్ బిగువుగా ఉంది. మెర్లో మెత్తన. కాబర్నే ఫ్రాంక్‌లో పచ్చి క్యాప్సికమ్ కోసిన వాసన. పెటీ వెర్డో నల్లగా, ఘాటుగా ఉంది. ఆలస్యంగా పండుతుందట, కొంచెమే కలుపుతారట. దాన్నెవరూ కాబర్నేలా ఉండమని అడగరు కదా అనుకున్నాను.

అక్క మెర్లో ధారాళంగా పోసింది.

"చప్పగా అయిపోయింది అక్కా."

"నాకైతె మంచిగుంది. నువ్వేమన్న కలుపుతవా, కలుపు."

కాబర్నే పోసి, పెటీ వెర్డో కాస్త వేశాను. అక్క తాగి మొహం చిట్లించింది. "నాలుక పట్టేసింది కదనే."

"ఇప్పుడే బాగుంది."

మీలో ఎవరు చెబుతారని మేనేజర్ అడిగాడు. నేను అక్క వైపు చూశాను.

"నాకు గొంతు నొస్తుంది. నువ్వే చెప్పు."

"పొద్దున్న లేదుగా అక్కా."

"ఇప్పుడే మొదలైంది. లే."

లేచాను. డైరీలో రాసుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. బడి గేటు దగ్గర ఉప్పద్దుకుని తిన్న నేరేడు పళ్ళు గుర్తొచ్చాయి. ఊదారంగు నాలుక, గరుకుగా. అదే చెప్పాను. మా భాషలో దాన్ని వగరు అంటామని, తీపి, పులుపుల్లాగే అదీ ఒక రుచని, ఒట్టి మెర్లోలో అది చాలక గొంతు దిగగానే మరిచిపోయామని చెప్పాను. టేస్టింగ్ రూమ్ ఆవిడ వగరు అన్న మాట మళ్ళీ చెప్పించుకుంది. మేనేజర్ తల ఊపాడు.

సోమవారం క్యాలెండర్ తెరిస్తే క్లయింట్ డెమో నా పేరు మీద ఉంది. ప్రతి వారం. ఒక్కసారి మాట్లాడితే గండం గడుస్తుందనుకున్నాను. క్యాలెండర్ మూసి, మళ్ళీ తెరిచి, చివరికి ఒప్పుకున్నాను.

గొంతు తగ్గిందా అని అక్కకి మెసేజ్ పెట్టాను.

"తగ్గలే. నీ డెమోలు అయ్యేదాంక తగ్గది."