దినారుకు వెయ్యి ముక్కలు

ఆ రోజుల్లో ఈ భూమ్మీద నాకు తెలియని విషయం లేదనుకునేదాన్ని. ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేసి "మేడమ్, మా సైట్లో ఇంకో దేశం కరెన్సీ పెట్టాలి, చిన్న పనే" అంటే చాలు, నడుము పట్టేసినట్టవుతుంది. చిన్న పనా! అంకె ముందున్న గుర్తు మార్చేస్తే సరిపోతుందని నేనూ ఒకప్పుడు అనుకున్నదాన్నే. (అప్పటి నేను ఇప్పుడు నా దగ్గరికి ఉద్యోగానికొస్తే గుమ్మంలోంచే సాగనంపేస్తాను.)

డిగ్రీ అయ్యాక నందిగామలో ఇంటిపట్టున ఉన్న కాలమది. మా అమ్మ టీచరు. ల్యాప్‌టాప్ ముందు కూర్చోవడం కూడా పనేనని ఆవిడ చచ్చినా ఒప్పుకునేది కాదు. "ఈ నెలాఖరులోపు నీ కంప్యూటర్ ఒక్క రూపాయన్నా ఇంటికి తేవాలి. లేదా, నోరు మూసుకుని సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో చేరిపో" అని తేల్చేసింది. సరిగ్గా అప్పుడే జగ్గయ్యపేటలో పచ్చళ్ళ వ్యాపారం చేసే షావుకారుగారొకరు విదేశాలకు అమ్మడానికి వెబ్‌సైటు కావాలన్నారు. రోజూ బస్సెక్కి వెళ్ళేదాన్ని. చిల్లకల్లు వచ్చేసరికి కునుకు, పేటలో దిగేసరికి తలనొప్పి.

షావుకారుగారి లెక్కలో ధర ఒకచోట నిలబడేది కాదు. "రేటు మొహం చూసి చెప్పాలమ్మాయ్" అనేవారు. కంప్యూటర్‌కి మొహాలు కనపడవు బాబాయిగారూ అని మొత్తుకోగా మొత్తుకోగా, "పోనీ, రోజూ మొదటి బేరం చేసినోళ్ళకైనా కాస్త తగ్గించు. బోణీ చేసినోళ్ళని బేరం పోగొట్టి పంపితే ఆ రోజంతా ఈగలు తోలుకోవాల్సిందే" అని పట్టుబట్టారు. అలా మా సైటుకి బోణీ తగ్గింపు వచ్చింది. రూపాయలు, డాలర్లు, దినార్లు, అన్నింటికీ పెట్టేశాను. ఎంత మురిసిపోయానో!

తెరిచిన రోజు టెంకాయ కొట్టారు. (ల్యాప్‌టాప్‌కి పసుపు రాయబోతే చేతులు అడ్డం పెట్టాను.) కాసేపటికే కువైట్ నుంచి గోంగూర పచ్చడికి ఆర్డరు. షావుకారుగారు స్క్రీన్‌ని కళ్ళకద్దుకున్నంత పని చేశారు. "అదృష్టవంతురాలివమ్మాయ్, నీ చెయ్యి మంచిది" అన్నారు. సీసా కట్టి కొరియర్‌కి ఇచ్చాక బ్యాంకు మెసేజి వచ్చింది. బోణీ తగ్గింపు పోను రావాల్సిన దాంట్లో పదో వంతే పడింది.

జరిగిందేమిటంటే, ధరని బ్యాంకుకి చిల్లరలో చెప్పాలి. రూపాయికి వంద పైసలు, డాలరుకి వంద సెంట్లు. కాబట్టి లోకంలో ఏ డబ్బుకైనా వంద ముక్కలేనని తీర్మానించుకుని అన్ని ధరల్నీ వందతో గుణించి పంపేశాను. కువైట్ దినారుకి మాత్రం వెయ్యి ఫిల్సులట! ఆ సంగతి నాకెవరు చెప్పారు? నేనెవర్ని అడిగాను గనుక?

ఆర్డరు పెట్టినావిడకి ఫోన్ చేశాను. ఆవిడది మా పక్కనే వీరులపాడట, కువైట్‌లో ఇళ్ళల్లో పని చేస్తోంది. "తక్కువ కట్ అయ్యిందేంటా అని నేనూ అనుకున్నానమ్మా. బోణీ అని రాశారుగా, షావుకారుగారు మంచోళ్ళు, బాగా తగ్గించారనుకున్నా. మా రూములో వాళ్ళందరికీ చెప్పేశా, ఇప్పుడే పెడతన్నారు!" అంది సంబరంగా. ఫోన్ కూడా సరిగ్గా పెట్టకుండా ముందు సైటు ఆపేసి, తప్పు దిద్దుకుని, అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

షావుకారుగారు తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. "బోణీ బేరం వెనక్కి తీసుకోకూడదు. పచ్చడి పోనీ. ఆవిణ్ణి మాత్రం ఇంకో పైసా అడగమాకు" అన్నారు. నెలాఖరున నా డబ్బుల కవరు చేతికిచ్చారు. ఒప్పుకున్న దాంట్లో సరిగ్గా పదో వంతు! బిక్కమొహం వేసుకుని చూశాను. "నువ్వు చేసిన మొదటి వెబ్‌సైటు ఇదేగా? నీకు నేను బోణీ చేస్తన్నాను మరి. మిగతాది నాలుగు ఆర్డర్లు రానీ, చూద్దాం" అన్నారు, నవ్వకుండా.

ఇంటికెళ్ళి కవరు అమ్మ ముందు పెట్టి జరిగిందంతా చెప్పాను. ఇక ఫ్యాక్టరీయే గతి అని కూడా నేనే అనేశాను. అమ్మ కవరు తెరిచి చూసింది. "పదో వంతా? అయితే అది ఎటూ మనది కాదులేవే, దేవుడిది" అంది. ఆదివారం చర్చిలో అదంతా అట్లాగే దశమభాగం కింద కానుకల సంచిలో వేసేసి, పక్కావిడ అడక్కపోయినా "మా అమ్మాయి వెబ్‌సైటు సంపాదన" అని చెప్పింది. బయటికొచ్చాక, "దేవుడి భాగం ముట్టింది. ఇక ఆ తొమ్మిది వంతులూ నువ్వు సంపాదించుకో. ఫ్యాక్టరీ ఎక్కడికీ పోదు" అంది. మళ్ళీ ఆ ఫ్యాక్టరీ మాట ఎత్తలేదు.

అప్పట్నుంచి ఆ తొమ్మిది వంతుల కోసమే పని చేస్తున్నాను. ఎన్ని దేశాల డబ్బుతో కుస్తీ పట్టానో, ఒక్కోదానికి ఒక్కో తిక్క. రాత్రి కళ్ళు మండుతుంటే ఒక్కోసారి ఆ పిల్ల గుర్తొస్తుంది. పేట నుంచొచ్చే బస్సులో ఒళ్ళో పల్చటి కవరు పెట్టుకుని, లోకం మునిగిపోయినట్టు కూర్చున్న పిల్ల. పక్కన చేరి, "పడుకోవే తల్లీ, ముందు ముందు ఇంకా చాలా దేశాలున్నాయి" అని చెప్పాలనిపిస్తుంది.