నాలుగు తలుపుల బండి

మొన్న ఆదివారం మా మేనల్లుడు ఇంటికొచ్చి, ఫోనులో రెండు డీజిల్ పికప్ బండ్ల ఫొటోలు చూపించి, ధర ఇంచుమించు ఒకటేననీ, ఒకదాని ఇంజను పెద్దదనీ, రెండోదానికి మైలేజీ ఎక్కువనీ చెప్పి, ఏది తీసుకోమంటావత్తా అని సరదాకి అడిగాడు. రొయ్యల మేత వ్యాపారం వాడిది. మేత బస్తాలకి ఏ బండైతేనేంరా అని నవ్వేశాను గానీ, వాడు వెళ్ళిపోయాక చాలాసేపు అరుగు మీదే కూర్చుండిపోయాను. మా ఇంట్లోనూ ఒకప్పుడు ఇదే ప్రశ్న వచ్చి, మా ఆయనా, మా బావగారూ, అన్నదమ్ములిద్దరూ ఒకచోట కూర్చుని అన్నం తినడం మానేసిన రోజులు గుర్తొచ్చాయి.

మాది సముద్రపు ఒడ్డున చేపల మీద బతికే కుటుంబం. పొద్దున్నే పడవలు రేవుకి రాగానే మగవాళ్ళు చేపల్ని ఐసు పెట్టెలకెత్తితే, మా అత్తయ్య, నా తోడికోడలు, నేను ఆ పెట్టెలతోపాటే అద్దె బండెక్కి, ఏటిగట్టు మీదుగా మండపేట దాకా పోయి అమ్ముకొచ్చేవాళ్ళం. బస్సెక్కుదామంటే చేపల తట్ట చూడగానే కండక్టరు దిగిపొమ్మనేవాడు. అందుకని ఐసు నీళ్ళు చీరలోకి దిగుతున్నా, ఆ పెట్టెల మీదే తాడు పట్టుకుని కూర్చోవడం మాకు అలవాటైపోయింది. ఆ కాలంలో అలా ప్రయాణం చేసినవాళ్ళు ఇది చదువుతుంటే, ఆ తాడు అరచేతిని ఎలా కోసేదో వాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు.

ఒక వానాకాలం, కాలవ లాకుల దగ్గర మలుపులో నా తోడికోడలు పెట్టె మీద నుంచి జారి రోడ్డు మీద పడిపోయింది. తుంటి ఎముక విరిగి నెలల తరబడి మంచం మీదే ఉంది. లేచాక కూడా ఎడమ కాలు ఈడుస్తూ నడిచేది, సంతకి రావడం మానేసింది. ఆవిడని నేను అక్కా అనే పిలిచేదాన్ని. మా బావగారి భార్య.

ఆ తరవాతే సొంత బండి కొనాలన్న మాట ఇంట్లో వచ్చింది. అన్నదమ్ములిద్దరూ రాజమండ్రి వెళ్ళి రెండు షోరూముల్లో రెండు పికప్పులు చూసొచ్చారు. ఒకటి ముందు సీటు మాత్రమే ఉండి, వెనక బాడీ పొడుగ్గా ఉన్నది. రెండోది రెండు వరుసల సీట్లు, నాలుగు తలుపులతో, వెనక బాడీ పొట్టిగా ఉన్నది. ధర దాదాపు సమానమే కనక, చవకైనదే కొందామని తేల్చేసుకోవడానికి లేకపోయింది. బావగారికి పొడుగు బండి నచ్చింది. మా ఆయనకి నాలుగు తలుపులది నచ్చింది. మా ఆయన మాకోసమే అడిగాడని చెబితే అబద్ధమవుతుంది, పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ కుటుంబాన్ని దర్జాగా తీసుకెళ్ళొచ్చని ఆయన ముచ్చట.

"పెట్టెలు పట్టని బండి మనకెందుకురా? సీట్లమ్ముకుంటామా?" అన్నారు బావగారు.

"వదిన పడిపోయిన సంగతి మర్చిపోయావా అన్నయ్యా?"

ఆ మాటతో బావగారి మొహం మాడిపోయింది. "మర్చిపోలేదు కాబట్టే బండి నేనే తోల్తానంటున్నాను. నా చేతిలో ఉంటే ఎవరూ పడరు."

అక్కడితో ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. మీరిద్దరూ ఒక మాట మీదికి రాకపోతే బండీ వద్దు, కలిసి వ్యాపారమూ వద్దు, ఎవరి పడవ వాళ్ళు చూసుకోండని అత్తయ్య తేల్చి చెప్పేసింది. ఆవిడ ఊరికే అనే మనిషి కాదు. పొయ్యి దగ్గర నేనూ అక్కా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇల్లు రెండుగా చీలితే ఆ కాలుతో అక్క ఒక్కత్తీ ఎలా నెట్టుకొస్తుందోనని నాకు గుబులు. ఆవిడ మాత్రం పొయ్యిలో పుల్లలు ఎగదోస్తూ కూర్చునేది.

చివరికి పొడుగు బండిని ఒక పూట సరుకుతో నడిపి చూసుకోమని షోరూము వాళ్ళు ఇచ్చారు. ఆ పొద్దున్న పెట్టెలన్నీ ఎక్కించాక, ఇంకా చోటు మిగిలిందని బావగారు గర్వంగా తమ్ముడివైపు చూశారు. నేనూ అత్తయ్యా ఎప్పట్లాగే పెట్టెల మీదికెక్కాం. అప్పుడు అక్క ఇంట్లోంచి వచ్చి, కొంగు నడుముకి బిగించి, చక్రం మీద కాలేసి మా పక్కకి ఎక్కేసింది.

"నువ్వెందుకే?" అన్నారు బావగారు.

"కొత్త బండి కదండీ. చూద్దావని."

దిగమంటే తన తోలకం మీద తనకే నమ్మకం లేనట్టవుతుందని కాబోలు, ఆయన స్టీరింగు దగ్గరికి వెళ్ళిపోయారు. మా ఆయన పక్కన కూర్చున్నాడు. బండి ఏటిగట్టు ఎక్కేసరికి సన్నగా వాన మొదలైంది. బావగారు నిజంగానే జాగ్రత్తగా నడుపుతున్నారు, ఆ మాట ఒప్పుకోవాలి. అక్క ఒక చేత్తో తాడూ, ఇంకో చేత్తో నా మోచెయ్యీ పట్టుకుంది. లాకులు దగ్గరపడుతున్నకొద్దీ ఆ పట్టు బిగుసుకుపోతోంది.

సరిగ్గా ఆ మలుపులోనే గడ్డి ట్రాక్టరు ఎదురొచ్చింది. బావగారు బ్రేకు వేశారు. తడిసిన బంకమట్టి మీద బండి వెనక భాగం కాలవ వైపుకి జారింది, పై వరస పెట్టెలు కదిలి మా మీదికి వచ్చాయి. అక్క పట్టు తప్పింది. నడుం దాకా బండి అంచుకి అవతలే ఉంది. కింద కాలవ నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. నేను ఆవిడ చెయ్యి పట్టుకుంటే, అత్తయ్య ఆవిడ చీర కుచ్చెళ్ళు పట్టుకుంది. బండి ఆగింది. మా ఆయన పరుగెత్తుకొచ్చి అక్కని లోపలికి లాగాడు.

బావగారు దిగి వచ్చి, రెండు చేతులూ బండి అంచు మీద ఆనించి నిలబడ్డారు. అక్క చెదిరిన జుట్టు ముడేసుకుని, మెల్లగానే అంది:

"బండి బాగుందండి. ఇంజను బాగా లాగుతోంది. మీరూ బాగానే తోలేరు. మేవెక్కడ కూచోవాలో అదొక్కటి చెప్పండి."

ఆయన వెళ్ళి ముందు తలుపు తీశారు. అక్కనీ, అత్తయ్యనీ ముందు సీట్లో కూర్చోబెట్టారు. ఇరుక్కుని నేనూ కూర్చున్నాను. మా ఆయన వానలో పెట్టెల మీద నిలబడ్డాడు. సంత అయ్యి ఇంటికి రాగానే బావగారు ఎవరి మొహమూ చూడకుండా బండి అప్పగించడానికి వెళ్ళిపోయారు. రేపు వేరుపడటమే తప్పదేమోనని నాకు అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున్న ఆయన అక్కనీ నన్నూ తయారవ్వమన్నారు. రాజమండ్రిలో రెండో షోరూముకి తీసుకెళ్ళి, అమ్మకాల కుర్రాడు ఇంజను గురించి ఏదో చెప్పబోతుంటే, అదలా ఉంచవయ్యా, ముందు వెనక తలుపు తియ్యి అన్నారు. అక్కని ఎక్కమన్నారు. కాలు చాపుకోవడానికి వీలుందా అని అడిగారు. అక్క తలూపింది, అంతలోనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన తనని ఒక మాట అడగడం ఇదే మొదటిసారని దారిలో నాతో అంది.

కొన్న బండిని ముందు అన్నవరం తీసుకెళ్ళి పూజ చేయించి, తరవాతే రేవుకి తెచ్చాం. చేపలు బాగా పడిన రోజుల్లో సరుకు పట్టక రెండు తడవలు తిరగాల్సొచ్చేది. అలాంటి రోజుల్లో బావగారు గొణుగుతూనే ఉండేవారు. అన్నదమ్ములు మునుపటిలా నవ్వుకోవడానికి చాలా కాలమే పట్టింది. అక్క మాత్రం మళ్ళీ సంతకి రావడం మొదలుపెట్టింది. వెనక సీట్లో ముగ్గురం ఆరిన చీరలతో కూర్చుని, అద్దం దించుకుని, మండపేట మిల్లుల ఊక వాసన తగిలేదాకా ఊరి కబుర్లన్నీ చెప్పుకునేవాళ్ళం.

అత్తయ్య పోయింది, బావగారూ పోయారు. ఆ బండి ఎవరి చేతుల్లోకి వెళ్ళిందో తెలియదు. ఇప్పుడు రేవులోకే లోపల ఏసీ ఉన్న పెద్ద పెద్ద లారీలు వస్తున్నాయి, ఒడ్డునే తూకం వేసి తీసుకుపోతున్నారు. ఆ బండ్లలో డ్రైవరు తప్ప ఎవరూ ఉండరు. మా వీధి కోడళ్ళు ఎవరూ ఐసు నీళ్ళల్లో తడవక్కర్లేదు, తాడు పట్టుకుని ప్రాణాలు బిగబట్టక్కర్లేదు, అది మంచిదే. కానీ పొద్దున్నే బేరమాడి, గెలిచి, కొంగున డబ్బు ముడేసుకుని తిరిగొచ్చే ఆడవాళ్ళ గొంతులు మా గట్టు మీద వినపడి ఎన్నాళ్ళైందో. కూర్చోవడానికి చోటు కోసం అంత భయపడి, అంత పట్టుబట్టి సాధించుకున్నాం. ఇప్పుడు వెళ్ళడానికే చోటు లేకుండా పోయింది.