లోకల్ వాళ్ళకి గది లేదు

మే నెల చివర మొదటి వాన పడగానే మా ఇంటి ఫోను మూగబోతుంది. నిన్నటిదాకా "మేడమ్, సీ వ్యూ ఉందా, బాల్కనీ ఉందా" అని ప్రాణం తోడేసినవాళ్ళు ఒక్కసారిగా మాయమైపోతారు. వాళ్ళకి బదులు సలహాలిచ్చేవాళ్ళు బయలుదేరతారు. నాకు వాన మీద కోపం లేదు. అండమాన్‌లో పుట్టి పెరిగినదాన్ని, వాన మీద అలిగితే సగం ఏడాది అన్నం మానేసి కూర్చోవాలి. నా కోపమంతా ఆ సలహాల మీదే.

మాది పోర్ట్ బ్లెయిర్‌లో, మిన్నీ బేలో మేడ ఇల్లు. మామగారు కట్టించింది. కింద మేం ఉంటాం. మేం అంటే ఎక్కువగా నేనే, ఎందుకంటే మా ఆయనది దీవుల మధ్య తిరిగే షిప్పులో ఇంజన్ రూమ్ పని. పైన రెండు గదులు, వాటి ముందు వరండా, వరండాలో నిలబడితే సముద్రం. ఒక గది మా వాటా, రెండోది మా మరిది వాటా. అతను ఆఫీసు ఉద్యోగి, ఊళ్ళోనే డిగ్నాబాద్‌లో కాపురం. రెండు గదులూ టూరిస్టులకి అద్దెకిస్తాం. ఊడవడం, దుప్పట్లు ఉతకడం, పొద్దున్నే ఇడ్లీలు వెయ్యడం, పగిలిన బకెట్టుకి కొత్త బకెట్టు తేవడం నా పని. బుకింగులు వచ్చే యాప్ మాత్రం మరిది ఫోన్లో ఉండేది. చాకిరీ నాది, పెత్తనం అతనిది.

నిరుడు వానలకి ముందు మరిది వచ్చి, నేనిచ్చిన టీ తాగుతూ తాపీగా అన్నాడు.

"వదినా, ఈ వానలకి కూడా గదులు ఖాళీగా ఉంటే ఇంక నావల్ల కాదు. మెయిన్‌లాండ్ కంపెనీవోళ్ళు అడుగుతన్నారు. పైనంతా లీజుకి ఇచ్చేద్దాం. సాల్ భర్, ఏడాదంతా ఆళ్ళే చూసుకుంటారు. నువ్వు హాయిగా కూకో."

హాయిగా కూర్చోమన్నందుకే నాకు ఒళ్ళు మండింది. పొద్దున్న లేస్తే నాదీ అని చెప్పుకోవడానికి నాకున్న పని ఆ రెండు గదులు. పెళ్ళయి వచ్చాక నేను నా చేతులతో నిలబెట్టింది ఈ ఇంట్లో అదొక్కటే. లీజుకిస్తే నా ఇంటి మెట్లు నేనెక్కడానికి ఎవడో సూపర్‌వైజరు పర్మిషన్ ఇవ్వాలి. ఎలాగైనా సరే, ఈ వానల్లో గదులు నింపి చూపిస్తానని అతని మొహం మీదే చెప్పాను.

మరిది ఒక మార్కెటింగ్ ఆయన్ని పట్టుకొచ్చాడు. ఆయన ఇల్లంతా తిరిగి, వానాకాలం అనే మాట వాడొద్దని మొదటి ఆజ్ఞ ఇచ్చాడు. గ్రీన్ సీజన్ అనాలట. కిటికీలకి తెల్ల కర్టెన్లు కట్టమన్నాడు. జులైలో ఇక్కడ నల్ల చెప్పులకే తెల్లటి బూజు పడుతుంది, తెల్ల కర్టెన్ల సంగతి ఆయనకేం తెలుసు. వారం తిరక్కుండా అవి మచ్చల చీరల్లా తయారయ్యాయి. సాయంత్రం కరెంటు పోతే మేం వెలిగించుకునే కొవ్వొత్తికి క్యాండిల్ లైట్ డిన్నర్ అని పేరు పెట్టాడు. యాప్‌లో ఎండాకాలపు ఫోటోలే ఉంచమన్నాడు, నీళ్ళు నీలంగా ఉండాలి కాబట్టి. అన్నీ చేశాం. ఆ నీలం నీళ్ళు చూసి ఒక జంట వచ్చింది. గాలులకి బోట్లన్నీ ఆపేశారు. వాళ్ళు ఉన్నన్నాళ్ళూ వరండాలో కూర్చుని, బూడిద రంగు సముద్రాన్ని ఒకసారి, నన్నొకసారి చూసేవారు. వెళ్ళేటప్పుడు యాప్‌లో ఒక్కటంటే ఒక్క స్టార్ ఇచ్చి, వాన ఎక్కువగా ఉంది అని రాశారు. వాన నేను కురిపించానా? బిందె పట్టుకుని మేడెక్కి వాళ్ళ నెత్తిన పోశానా? మరిది ఆ ముక్క నాకు చదివి వినిపించి, "చూశావా" అన్నాడు. తప్పు నాదైనట్టు.

ఆ తర్వాత ఎవరూ రాలేదు. గదులు తలుపులేసి ఉంటే చెమ్మ వాసన పట్టేస్తాయి. మనుషులు లేకపోయినా రోజూ పైకెక్కి కిటికీలు తీసి, ఫ్యాన్లు వేసి, దిగేదాన్ని. దిగేటప్పుడల్లా సీజన్ మొదలయ్యేసరికి ఈ మెట్లు నావి కావనే ఆలోచన వచ్చేది.

ఒకరోజు జంగ్లీఘాట్‌లో చేపలు కొనుక్కుని బయటికొచ్చాను. నన్నెప్పుడూ ఇంటికి దింపే ఆటో భయ్యా బండి స్టార్ట్ చెయ్యకుండా వెనక్కి తిరిగాడు.

"దీదీ, మీ పైన రూమ్ ఖాలీ హై క్యా? హాస్పిటల్ గేటు కాడ పొద్దుట్నుంచీ ఇద్దరు ఆడోళ్ళు కూకున్నారు. హట్ బే దీవి నుంచి వచ్చారు. ఒకావిడికి నెలలు నిండుతున్నాయి. ఎన్ని హోటళ్ళు తిప్పానో. ఒక్కడూ ఇవ్వట్లేదు."

"ఏం, నిండిపోయాయా?"

"ఖాళీయే దీదీ. లోకల్ ఆధార్ అంట. లోకల్‌కి నహీ దేతే."

బయటివాళ్ళకి తెలియదు కాబట్టి చెప్తున్నాను. చిన్న దీవుల్లో గర్భిణీకి ఏ కాస్త ఇబ్బంది ఉన్నా డాక్టరు పోర్ట్ బ్లెయిర్ వెళ్ళమంటాడు. వానల్లో ఏ రోజు షిప్పు కదులుతుందో, ఏ రోజు కాన్సిల్ అవుతుందో దేవుడికే తెలియాలి. అందుకని నొప్పులొచ్చేదాకా ఆగరు. చాలా ముందే షిప్పెక్కి వచ్చేసి, ఇక్కడ ఎవరింట్లోనో ఉండి రోజు కోసం ఎదురుచూస్తారు. చుట్టాలున్నవాళ్ళకి బెంగలేదు. లేనివాళ్ళు హోటలుకి వెళ్తే, కౌంటర్లో కూర్చున్నవాడు ఆధార్ కార్డు తిప్పి చూసి, అడ్రసులో అండమాన్ అని ఉంటే వెనక్కిచ్చేస్తాడు. ఢిల్లీ కార్డుకి గది ఉంటుంది, కలకత్తా కార్డుకి ఉంటుంది. లోకల్ వాళ్ళు తాగి గొడవలు చేస్తారట, దొంగ జంటలొస్తారట. మా యాప్‌లోనూ ఆ రూలు ఉంది. మరిది పెట్టాడు. "అందరూ పెడతారు వదినా" అంటే సరే కాబోలు అనుకున్నాను.

హాస్పిటల్ గేటు దగ్గర రేకుల కింద, బ్యాగు మీద కూర్చుని ఉంది ఆ అమ్మాయి. పొట్ట మీద చెయ్యేసుకుని, కాళ్ళు వాచిపోయి, పొద్దుటినుంచీ తడిసిన చీరతోనే. పక్కన అత్తగారు రెండు ఆధార్ కార్డులు ప్లాస్టిక్ కవర్లో పెట్టి చేత్తో పట్టుకునే ఉంది, అడిగినవాళ్ళకల్లా చూపించి చూపించి. బెంగాలీ వాళ్ళు. నన్ను చూడగానే అడగకుండానే ఆ కవర్ ముందుకి చాపింది.

"దీదీ, హమ్ క్యా చోర్ హై?"

మేమేమైనా దొంగలమా అని నన్నడిగితే నేనేం చెప్పను? కార్డు చూడకుండా ఆటో ఎక్కమన్నాను.

నేను సత్రం తెరవలేదు. అది కూడా స్పష్టంగా చెప్తున్నాను. నెలకింతని మాట్లాడుకున్నాం, వాళ్ళు ముందే ఇచ్చారు. మంచం గోడవైపు జరిపి, కాళ్ళ కింద పెట్టుకోవడానికి ఇంకో దిండు ఇచ్చాను. అత్తగారు కింద నా వంటింట్లోనే చేపల పులుసు ఆవపొడితో వండేది. నాకు మొదట్లో నోటికి సయించలేదు, తర్వాత నేనే అడిగి పెట్టించుకున్నాను. ఆటో భయ్యా నోట్లో మాట ఆగదు కాబట్టి కొన్నాళ్ళకే రెండో గదిలోకి క్యాంప్‌బెల్ బే నుంచి కంటి ఆపరేషనుకి వచ్చిన పెద్దాయన, ఆయన కూతురు దిగారు. పెళ్ళయి ఈ ఇంటికొచ్చాక జులైలో మా మేడ మీద రెండు గదుల్లోనూ లైట్లు వెలగడం అదే మొదటిసారి. ఆ రాత్రి కింద నిలబడి, పైనుంచి వినిపించే మాటలు వింటూ నేను నిజంగా సంతోషపడ్డాను. గదులు నిండాయి. నా గదులు నాకు మిగులుతాయనుకున్నాను.

ఆదివారం చర్చి నుంచి మరిది తిన్నగా మా ఇంటికే వచ్చాడు. చేతిలో బైబిలు, మొహం మాత్రం ఎర్రగా ఉంది.

"ఏటిది వదినా? ఎవరీ జనం? ఇది హోమ్‌స్టేనా, జెట్టీ వెయిటింగ్ రూమా?"

"అద్దె ఇస్తున్నారు. గదులు నింపమన్నావు, నింపాను."

"ఇలాగ నింపమన్నానా? రెండు గదులకీ కలిపి బుకింగ్ వచ్చింది. బెంగళూరోళ్ళు, నాలుగు రోజులు. నేను యాక్సెప్ట్ కొట్టేశాను. రేపటికి ఈళ్ళని ఖాళీ చేయించు."

"ఎక్కడికి పోతారు? షిప్పు కాన్సిల్. మీ అన్నయ్యే హట్ బే జెట్టీలో ఇరుక్కుపోయి పొద్దున్న ఫోన్ చేశాడు."

"ఎక్కడికో ఎల్తారు. లోకలే కదా."

అమ్మా పెట్టదు, అడుక్కుతినానివ్వదు అంటారే, అది మా మరిదే. వానలు మొదలయ్యాక ఆ ఒక్క జంట తప్ప ఎవర్నీ తేలేనివాడు, నేను తెచ్చిన మనుషుల్ని వెళ్ళగొట్టడానికి వచ్చాడు. మేం ఇద్దరం గొంతులు పెంచి అరుచుకుంటుంటే, పైన గదిలోంచి చప్పుడు వినిపించింది. వెళ్ళి చూశాను. ఆ అమ్మాయి తీగ మీది బట్టలు తీసి మడతలు పెడుతోంది. ఏడవట్లేదు. ఎవర్నీ ఏమీ అనట్లేదు. ఖాళీ చెయ్యమంటే చెయ్యాలి అన్నట్టు, చాలా అలవాటైన పనిలా, ఒక్కో జాకెట్టూ మడిచి బ్యాగులో పెడుతోంది.  ఆమె చేతిలోంచి బట్టలు లాక్కుని మళ్ళీ తీగ మీద వేసి కిందికొచ్చాను.

ప్రతి డిసెంబరులోనూ చర్చి పిల్లలతో క్రిస్మస్ నాటకం వేయించి, నిండు గర్భిణిని గుమ్మంలోంచే పంపేసే సత్రం యజమాని వేషానికి "చోటు లేదు" అనే మాట నేర్పించేది మా మరిదే. అది నోటిదాకా వచ్చింది. అది ఎవరైనా అనగలరని మింగేశాను.

"నువ్వు పుట్టింది ఎక్కడ?" అన్నాను.

"ఇప్పుడదెందుకు?"

"మాయాబందర్‌లో ఉండేవాళ్ళు మీవాళ్ళు. నిన్ను కడుపులో పెట్టుకుని అత్తమ్మ బోటెక్కి ఇక్కడికొచ్చింది. జంగ్లీఘాట్‌లో ముక్కూ మొహం తెలియని ఆవిడ ఇంట్లో చాప మీద పడుకుని నీ కోసం ఎదురుచూసింది. బతికున్నన్నాళ్ళూ ఆవిణ్ణి తలుచుకుని ప్రార్థన చేసేది. ఆవిడ కార్డు అడిగి ఉంటే నువ్వెక్కడ పుట్టేవాడివి?"

మరిది బైబిలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. తర్వాత మెల్లిగా, "అప్పుడు హోటళ్ళు లేవు కదా వదినా" అన్నాడు.

"ఇప్పుడున్నాయి. గదులే లేవు."

ఆ బుకింగు అతనే కాన్సిల్ చేశాడు, పళ్ళు నూరుకుంటూ. యాప్‌వాళ్ళు జరిమానా వేశారని నెల రోజులు నాతో మాట్లాడలేదు. అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమంగా షిప్పెక్కారు. సీజన్ వచ్చేసరికి మరిది అన్నంత పనీ చేశాడు. మా వాటా గదికి నేనూ, మా ఆయనా సంతకం పెట్టలేదు కాబట్టి అది మిగిలింది. అతని వాటా కంపెనీకి వెళ్ళింది. వాళ్ళు వరండాకి అడ్డంగా గోడ కట్టి, బయటినుంచి ఇనప మెట్లు పెట్టుకున్నారు. మిగిలిన సగం వరండాలోంచి సముద్రం కనిపించాలంటే ఇప్పుడు తల బయటికి పెట్టి చూడాలి.

ఈ వానల్లో నా గది ఒక్కరోజు కూడా ఖాళీగా లేదు. యాప్ లేదు, ఫోటోలు లేవు, క్యాండిల్ లైట్ లేదు. ఒకరు ఖాళీ చెయ్యకముందే ఇంకొకరు అడుగుతారు. చర్చిలో ఆడవాళ్ళు ఎంత పుణ్యం చేస్తున్నావో అంటారు. నాకు చిర్రెత్తుకొస్తుంది. ఇది పుణ్యం కాదు, వ్యాపారం. ఖాళీ గది ఉంది, గది కావలసిన మనిషి ఉన్నాడు. మధ్యలో ఆ దిక్కుమాలిన రూలు పెట్టుకుని, వానల్లో గెస్టులు రావట్లేదని ఊరంతా ఏడుస్తోంది. ఆ మార్కెటింగ్ ఆయన కూడా ఫోన్ చేశాడు, నా సీక్రెట్ ఏమిటని. ఆ రూలు తీసెయ్యండి అన్నాను. అలా చేస్తే ఇమేజ్ పోతుంది మేడమ్ అన్నాడు. పెట్టేశాను ఫోను.

మొన్న కంపెనీ గదిని చూసుకునే మనిషి వచ్చాడు. లాంగ్ ఐలాండ్ వాడు, తెలుగువాడే. రోజూ ఇనప మెట్లెక్కి, ఖాళీ గది తుడిచి, ఏసీ వేసి, ఆపి, వెళ్తుంటాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"దీదీ, మా చెల్లి వస్తంది, డెలివరీకి. డాక్టరు ఇక్కడే ఉండమన్నాడు. మీ గది దొరుకుద్దా?"

నా గదిలో రంగత్ నుంచి వచ్చినవాళ్ళున్నారు. ఇంకా చాలా రోజులుంటారు. "గది లేదు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చేసరికి నాకే అసహ్యం వేసింది. గోడ అవతల నిరుటిదాకా నేను ఊడ్చిన గది, నేను దుప్పటి పరిచిన మంచం, వానలు మొదలైన దగ్గర్నుంచీ ఎవరూ పడుకోకుండా ఉంది.

"మీది ఖాళీయే కదా?" అన్నాను.

"అది లోకల్‌కి ఇవ్వరు దీదీ. నేనూ లోకలే కదా." ఆ గది తాళాలు అతని నడుముకే వేలాడుతున్నాయి. "మీ హాల్లో ఓ పక్కన పడుకోనిస్తే చాలు."

తీసుకురమ్మన్నాను. మంచం నాది ఇస్తానన్నాను. అతను సంతోషంగా దండం పెట్టి వెళ్ళబోయాడు. నేను ఉండబట్టలేకపోయాను. ఇన్నాళ్ళూ మరిది మీద, కంపెనీ మీద, కౌంటర్లలో కూర్చునే వాళ్ళందరి మీదా ఉన్నదంతా పాపం అతని మీద కక్కేశాను.

"నీకు కోపం రాదా?" అని అరిచాను.

అతను ఆగి, నావైపు తిరిగి, నేనేం అడిగానో నిజంగానే అర్థం కాక, "దేనికి దీదీ?" అన్నాడు.