మా బాపు తూలింది తాగి కాదు

ఆ పొద్దున మా బాపు వంటింటి గడప ముందు ఆగిపోయాడు. నేను చేసిన మొదటి పని ఆయన నోరు వాసన చూడడం.

చేతిలో చాయ్ గ్లాసు ఉంది. నడుము ముందుకు వంగుతోంది కానీ కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఉన్నాయి. నా భార్య సుజాత లోపలి నుంచి పిలిచింది. "మామా, లోపలికి రాండ్రి, అక్కడనే నిలబడ్డరేంది?"

"వస్తున్న బిడ్డా. కాలు లేస్తలేదు."

చాయ్ ఒలికి లుంగీ మీద పడింది. నేను పోయి భుజం పట్టుకున్నాను. పట్టుకుంటున్నట్టే ముఖం దగ్గరగా వంగాను. చాయ్ వాసన తప్ప ఏమీ లేదు. నా ముఖం చూసి ఆయనకు సంగతి అర్థమైంది. "పొద్దుగాల్నే తాగుతనార?" అన్నాడు. నేను గ్లాసు అందుకుని పక్కన పెట్టాను. వాసన రాకపోయినా నా అనుమానం పోలేదు.

ఆ అనుమానం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

మా బాపు పాత సినిమాల నటుడు, దర్శకుడు. జనగామ పత్తి మార్కెట్లో బస్తాలు మోసిన హమాలీ కొడుకు. ఊళ్లో నాటకాలాడి, ఆ పిచ్చితోనే రైలెక్కి మద్రాసు పోయాడు. స్టూడియోలో ముందు సామాన్లు మోశాడు, తర్వాత గుంపులో నిలబడ్డాడు, ఆ తర్వాత ఒక సినిమాలో తాగుబోతు వేషం దొరికింది. ఆ పాత్ర పేరు సీసా సాంబయ్య. అప్పటికి ఆయన చుక్క ముట్టలేదు. చిన్నప్పుడు జనగామ కల్లు కాంపౌండ్ ముందు కూర్చుని చూసిన నడకలన్నీ కలిపి ఆ నడక తయారు చేశాడు. జనం పడీపడీ నవ్వారు. ఇక ఆ తర్వాత వచ్చినవన్నీ తాగుబోతులు, కాపలావాళ్లు, నౌకర్లు. "నీ యాసకు ఇంతకంటే పెద్ద వేషం ఎట్లా ఇస్తామయ్యా" అని ముఖం మీదే అన్నారట. ఎప్పుడైనా ఒక జడ్జి వేషమో, తండ్రి వేషమో ఇస్తే, పెదవులు ఈయనవి, గొంతు ఇంకొకరిది. "నేను ఏడిస్తే వేరేటోని గొంతు. నేను తూలితే నా గొంతు" అంటాడు బాపు.

ఆ కసితోనే రెండు సినిమాలకు దర్శకత్వం వహించాడు. మొదటి దాంట్లో పత్తి రైతులు, హమాలీలు, వాళ్ల ఆడవాళ్లు అందరూ మన మాటే మాట్లాడారు. సినిమా కొనే డిస్ట్రిబ్యూటర్లు చూసి "ఇది తెలుగులో తియ్యండి, కొంటాం" అన్నారు. బాపు మార్చలేదు. అది జనగామ, వరంగల్ దాటి పోలేదు. రెండోది తీస్తున్నప్పుడు మా నాయనమ్మ చనిపోయింది. దినాలకని బాపు ఊరికొచ్చాడు. తిరిగి వెళ్లేలోగా నిర్మాత సినిమా మొత్తానికి వేరే గొంతులు పెట్టించాడు. ఆ సంగతి బాపుకు థియేటర్లో కూర్చున్నాక తెలిసింది. సగంలో లేచి బయటికొచ్చి, మళ్లీ మద్రాసు ముఖం చూడలేదు. ఆ నిర్మాత పోయినప్పుడు సంతాపం చెప్పమని ఒక పత్రిక నుంచి ఫోన్ వచ్చింది. నేనే ఎత్తాను. చెప్పేదేమీ లేదని పెట్టేశాను. ఈ రోజుకీ లేదు.

ఊరికొచ్చాక బాపు తాగడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు ఎన్నోసార్లు చేయి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. నేను డిగ్రీలో ఉండగా తనంతట తనే మానేశాడు. మళ్లీ ముట్టలేదు. ఆయన మానేశాడు గానీ, వాసన చూసే అలవాటు నేను మానలేదు.

నాది చెల్పూర్ పవర్ ప్లాంటులో ఉద్యోగం. బాపు మా దగ్గరే ఉంటాడు. గడప ముందు ఆగిపోయిన తర్వాత ఆయన్ని భూపాలపల్లిలో ఒక డాక్టర్‌కు చూపించాను. ఏం జరుగుతోందని డాక్టర్ అడిగితే, "తాగే అలవాటుంది సార్" అన్నాను.

"తాగుడుతోని నరాలు దెబ్బతింటయి. బీ ట్వెల్వ్ ఇంజక్షన్లు రాస్తున్న. ముందుగాల మందు బంద్ చేపియ్యండి."

"అది ఎప్పుడో బంద్ పెట్టిన సార్" అన్నాడు బాపు. అప్పటికే ఆయన గొంతు బాగా తగ్గిపోయింది. డాక్టర్‌కు వినపడలేదు. నాకు వినపడింది. నేను దాన్ని గట్టిగా చెప్పలేదు.

ఇంజక్షన్లు అయిపోయాయి. నడక ఇంకా చిన్నదైంది. నడిచేటప్పుడు ఎడమ చెయ్యి ఊగడం మానేసింది. ముఖంలో నవ్వు కనపడటం తగ్గిపోయింది. ఆ రోజుల్లోనే మహబూబాబాద్‌లో పాత నాటక కళాకారులకు సన్మానం పెట్టారు. వేదిక మెట్లు ఎక్కబోతూ బాపు మళ్లీ ఆగిపోయాడు. కాలు లేవలేదు, పక్కకు తూలాడు, ఇద్దరు పట్టుకున్నారు. కింద జనంలోంచి ఎవడో "సాంబయ్యా!" అని కేక వేశాడు. ఈల కూడా వేశారు.

అక్కడ ఒక యూట్యూబ్ ఛానెల్ అతను ఉన్నాడు. పేరు రాయను. రాస్తే అదీ అతనికి ప్రచారమే. సన్మానం అయ్యాక మైకు నా ముందు పెట్టాడు. "అన్నా, పెద్దాయన మళ్ల షురూ చేసిండా?"

"ఏం చెప్పాలె అన్నా, పాత అలవాటు" అన్నాను.

వాసన లేదని నాకు తెలుసు. ఆ రోజంతా ఆయన పక్కనే ఉన్నాను. అయినా అన్నాను. ఈల వేసిన వాళ్ల ముందు నేనూ వాళ్లవైపే ఉన్నట్టు కనపడాలనిపించింది. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

'తాగి వేదిక మీద తూలిన అలనాటి నటుడు, కన్నకొడుకే ఒప్పుకున్నాడు' అని పేరు పెట్టి ఆ వీడియో వదిలాడు. తూలిన ముక్కకు సీసా సాంబయ్య పాట కలిపాడు. మా ప్లాంటులో, మా కాలనీలో, జనగామలో మా చుట్టాల ఫోన్లలో, అంతటా తిరిగింది. బాపు సుజాత ఫోన్‌లో చూశాడు. చివరి దాకా చూసి, "లైటింగ్ మంచిగ లేదు" అని ఫోన్ తిరిగిచ్చాడు. 

తర్వాత ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇంట్లో నేలంతా సుద్దగీతలు. మంచం నుంచి బాత్రూం దాకా, హాలు నుంచి వంటింటి దాకా, అడుగుకొక అడ్డగీత. బాపు సుజాతతో చాక్‌పీసు తెప్పించుకుని, కుర్చీలో కూర్చుని, ఆమెతో గీయించాడు.

పాత స్టూడియోల్లో నటుడు ఎక్కడ ఆగాలో నేల మీద సుద్దతో గుర్తు పెట్టేవారు. కెమెరా ఆ గుర్తుకే సరిచూసుకుంటుంది. నటుడు కిందికి చూడకుండా వచ్చి సరిగ్గా దాని మీద ఆగాలి. ఈ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అందుకే నాకొక్కటే తోచింది, బాపుకు మతి పోయింది, ఇంట్లో షూటింగ్ జరుగుతోందనుకుంటున్నాడు అని.

"గీతలుంటే మామ మంచిగ నడుస్తుండు, జర చూడు" అని సుజాత మొత్తుకుంది. నేను చూడలేదు. వచ్చిపోయేవాళ్లు చూస్తే ఇంకో వీడియో అవుతుందన్నాను. తడిగుడ్డ పెట్టి నేనే తుడిచేశాను. బాపు మంచం మీద కూర్చుని చూశాడు. "కొడుకా, అవి ఉండనియ్యి" అన్నాడు. ఒక్కసారే అన్నాడు.

మర్నాడు బాత్రూంకు పోతూ సగంలో ఆగిపోయి, పక్కకు పడ్డాడు. తుంటి ఎముక విరిగింది.

హనుమకొండలో ఒక దవాఖానలో ఆపరేషన్ చేశారు. నెక్ ఆఫ్ ఫీమర్ ఫ్రాక్చర్, హెమీఆర్థ్రోప్లాస్టీ చెయ్యాలన్నారు. విరిగిన ముక్క తీసి లోహపు బంతి పెట్టారు. ఎముకల డాక్టర్ బాపు చేతులు వంచి చూసి, "ఈ బిగుసుడు ఫ్రాక్చర్‌ది కాదు. న్యూరోకు చూపిద్దాం" అన్నాడు.

న్యూరాలజిస్ట్ ఒక డాక్టరమ్మ. నేను నోరు తెరవబోతే, "ఆగండి, ఆయన్ని చెప్పనియ్యండి" అంది. వేళ్లు ఆడించమంది. పేరు రాయమంది. మొదటి అక్షరం పెద్దగా మొదలై చివరిది చీమంత అయింది. వాసన తెలుస్తుందా అని అడిగింది. ఏళ్ల నుంచి ఏ వాసనా తెలియడం లేదన్నాడు బాపు. ఇన్నేళ్లూ ఆయన నోటి వాసన చూసిన నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. సినిమాలన్నీ వరుసగా చెప్పమంటే, ఒక్కటి తప్పకుండా చెప్పాడు. ఏ సినిమాలో తనకు ఎవరి గొంతు పెట్టారో అది కూడా చెప్పాడు.

"మతి బ్రహ్మాండంగా ఉంది" అంది డాక్టరమ్మ. "ఇది పార్కిన్సన్స్, నరాల జబ్బు. రాత చిన్నగవుడు, వాసన పోవుడు అన్ని దాని గుర్తులే. కాలు లేవకపోవడాన్ని ఫ్రీజింగ్ అంటం. మూడు నాలుగేండ్ల సంది ఉండి ఉంటది."

నేను సుద్దగీతల సంగతి చెప్పాను. ఆమె కుర్చీలో ముందుకు జరిగింది. "ఎవరు చెప్పిండ్రు గీయమని? మా ఫిజియోథెరపీలో చేపిచ్చేది అదే. గీత దాటమంటే ఆగిన కాలు లేస్తది. విజువల్ క్యూ అంటం."

"ఎవ్వరు చెప్పలె మేడం" అన్నాడు బాపు. "షూటింగుల గుర్తు కనపడితే కాలు దానంతటదే పోయేది. ఇప్పుడు సుత పోతదేమోనని చూసిన."

"మరి పడ్డరెట్ల?"

బాపు నన్ను చూపించలేదు. నేనే చెప్పాను, తుడిచేశానని. ఆమె మందులు రాయడం మొదలుపెట్టింది.

ఆపరేషన్ తర్వాత బాగుపడటం సాఫీగా జరగలేదు. లెవోడోపా అనే గోళీ మొదలుపెట్టాక నడక మెరుగైంది, గోళీ పని తగ్గే వేళకు మళ్లీ బిగుసుకునేది. పప్పు, గుడ్డుతో కలిపి వేస్తే సరిగ్గా పట్టదని, అన్నానికి ముందే వెయ్యాలని చెప్పారు. ఇంకో గోళీ జోడించాక గదిలో మనుషులు కనపడటం మొదలైంది. "ఆ మూలకు లైటు పట్టుకోని ఎవడో నిలబడ్డడు, పొమ్మను" అనేవాడు. ఫోన్ చేస్తే డాక్టరమ్మ ఆ గోళీ ఆపించింది. లైటు పట్టుకున్నవాడు వారంలో వెళ్లిపోయాడు. నేల మీద ఇప్పుడు రంగు టేపు అతికించి ఉంది. ఆ పని నేనే చేశాను. దాంతో నా తప్పు తీరిపోయిందని అనుకోవడం లేదు.

ఈలోగా ఛానెల్ అతనికి ఫోన్ చేశాను. రిపోర్టులు పంపిస్తాను, వీడియో తీసెయ్యమన్నాను.

"నేనేమన్న అన్ననా అన్నా? అన్నది నువ్వు. గొంతు నీది" అన్నాడు. తర్వాత కొంచెం ఆగి, "రోగం అంటున్నవ్ గదా, దాని మీద ఇంకో ఇంటర్వ్యూ చేద్దాం. మస్తు పోతది" అన్నాడు.

ఆ మాటకు నా ఒళ్లు మండిపోయింది. అతన్ని వెతుక్కుంటూ పోయి కొట్టాలనుకున్నాను. కేసు పెట్టాలనుకున్నాను. బాపుకు చెబితే ఆయన ముఖంలో చాలా రోజుల తర్వాత ఒక కదలిక కనపడింది. "రమ్మను" అన్నాడు. "జనగామకు రమ్మను. నేను చెప్పినట్టు తియ్యాలె. నడుమ కోసుడు లేదు."

జనగామలో ఒక చిన్న ఫంక్షన్ హాలు మాట్లాడాం. బాపుతో కలిసి నాటకాలాడిన ముసలివాళ్లను పిలిచాం. వ్యూస్ వస్తాయన్న ఆశతో ఛానెల్ అతను బాపు షరతుకు ఒప్పుకుని వచ్చాడు. బాపు కుర్చీలో కూర్చున్నాడు. గొంతు లేవదు కాబట్టి ఆయన మెల్లగా చెప్పింది సుజాత గట్టిగా చెప్పాలి. బాపు ముందు ఛానెల్ అతన్నే కెమెరా ముందు నిలబెట్టాడు. పెద్దాయనను ఒక్క మాట అడగకుండా వీడియో పెట్టానని చెప్పమన్నాడు.

అతను నవ్వుతూ చెప్పాడు.

"నవ్వుడెందుకు అంటుండు మామ. మళ్ల చెప్పుమంటుండు" అంది సుజాత.

మళ్లీ చెప్పాడు.

"వెనుక కూసున్నోళ్లకు వినపడలేదట. మళ్ల."

మళ్లీ చెప్పాడు. చేతులు జేబులో ఉన్నాయని మళ్లీ. మధ్యలో నీళ్లు తాగాడని మళ్లీ. ముసలివాళ్లలో ఒకాయన, "ఓ తమ్మీ, మాటలు యాదికి లేకుంటె రాసిస్తం పట్టు" అన్నాడు. హాలు హాలంతా నవ్వింది. అతని చొక్కా చెమటకు తడిసిపోయింది. నిజం చెప్తున్నాను, నాకు అంత సంతోషం చాలా ఏళ్లలో కలగలేదు.

అప్పుడు బాపు వేలు నా వైపు తిరిగింది.

"ఇగ నువ్వు."

"నేనెందుకు బాపూ?"

"ఆ డైలాగు చెప్పింది నువ్వే గద."

వెళ్లి నిలబడ్డాను. మా బాపు తాగలేదని, తాగలేదని తెలిసి కూడా అబద్ధం చెప్పానని, డాక్టర్‌కు కూడా అదే చెప్పానని మొదలుపెట్టాను. సగంలో ఏడుపొచ్చింది. బాపు చెయ్యెత్తి ఆపాడు. సుజాత ఆయన దగ్గరికి వంగి విని, నా వైపు చూసి, చెప్పడానికి కొంచెం తటపటాయించింది.

"ఏడ్వద్దంటుండు. ఏడిస్తే జనం నిన్ను చూసి అయ్యో పాపం అంటరంట. మళ్ల చెప్పుమంటుండు."

మళ్లీ చెప్పాను. కళ్లు దించానన్నాడు. మళ్లీ చెప్పాను. తొందర తొందరగా చెప్పానన్నాడు. ఛానెల్ అతను కెమెరా వెనక నిలబడి నన్ను చూస్తూనే ఉన్నాడు. చివరికి కన్నీళ్లు లేకుండా, తల దించకుండా, ఒక్కో మాట విడివిడిగా చెప్పాను. బాపు ఓకే అనలేదు. "పెట్టుమను" అన్నాడంతే. క్షమించాడో లేదో నేను అడగలేదు. 

ఆ వీడియో పెట్టారు. పాతదాన్ని చూసినంత మంది దీన్ని చూడలేదు. పాతది అతను తీసేసినా దాని నకళ్లు ఇంకా తిరుగుతున్నాయి. ఛానెల్ అతని మీద నా కోపం తగ్గలేదు, తగ్గాలన్న కోరికా లేదు. భూపాలపల్లి బస్టాండులో ఇప్పటికీ ఎవడో ఒకడు అడుగుతాడు, "అన్నా, సాంబయ్య బంద్ చేసిండా?" అని. అడిగినవాణ్ణి నేను వదలను. గడప దగ్గర మొదలుపెట్టి ఆపరేషన్ దాకా మొత్తం చెప్తాను. ఒకడి బస్సు వెళ్లిపోయింది. వెళ్లిపోనీ.

బాపు ఇప్పుడు కర్రతో నడుస్తాడు. కొన్ని రోజులు బాగుంటాయి, కొన్ని రోజులు మంచం దిగలేడు. గొంతు కోసం రోజూ గట్టిగా మాట్లాడాలని థెరపిస్ట్ చెప్పింది. పొద్దున్నే తన మొదటి సినిమాలోని హమాలీ మాటలు మన యాసలోనే అరుస్తాడు. ఇది తగ్గే జబ్బు కాదని మాకు తెలుసు.

మీ ఇంట్లో పెద్దవాళ్ల నడక మారితే, డాక్టర్ ముందు మీరు కళ్లతో చూసింది మాత్రమే చెప్పండి. కాలు ఎక్కడ ఆగింది, ఏ చెయ్యి ఊగడం లేదు, గొంతు ఎప్పటి నుంచి తగ్గింది, అంతవరకే. ఎందుకు అట్లా అయిందో మీరు చెప్పకండి. పక్కన కూర్చున్న మనిషి మెల్లగా ఏమైనా అంటే, దాన్ని మీరు గట్టిగా చెప్పండి.